ఫార్మాట్ నొక్కొద్దు తల్లీ!

బీరువా పై అరలో, పెళ్ళి ఆల్బమ్ పక్కన, చేతిరుమాల్లో చుట్టి దాచిన నల్ల పెట్టె ఒకటి చాలా ఇళ్ళలో ఉంటుంది. 2008లోనో 2010లోనో కొన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అది. అమ్మానాన్నల పెళ్ళి వీడియో, పిల్లల అన్నప్రాశన ఫొటోలు, ఇప్పుడు మన మధ్య లేని నాయనమ్మ పాడిన మంగళహారతి, అన్నీ అందులోనే ఉంటాయి. కొత్త లాప్‌టాప్ కొన్న వారం రోజుల్లో ఎవరో ఒకరికి అది గుర్తొస్తుంది. మా ఇంట్లో మనవరాలికి గుర్తొచ్చింది. "తాతయ్యా, దీని వైరు పెట్టడానికి నా లాప్‌టాప్‌లో చోటే లేదు" అంటూ పట్టుకొచ్చింది.

వైరు సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ముందు ఆ పెట్టెలో ఏం జరుగుతుందో చెప్పుకుందాం. అది తెలిసినవాళ్ళు పాత డిస్కుని ఎప్పుడూ ఠక్కున బల్ల మీద పెట్టరు.

లోపల గుండ్రటి పళ్ళేలు ఒకటో రెండో ఉంటాయి. అరచేతిలో ఇమిడే డిస్కుల్లో ఇవి ఎక్కువగా గాజువే. అడ్డంగా కొలిస్తే ఆరున్నర సెంటీమీటర్లు. గాజు మీద కోబాల్ట్ కలిసిన పల్చటి లోహపు పూత ఉంటుంది. ఆ పూత మీద కంటికి ఆనని జాగాలు కోట్లకొద్దీ ఉంటాయి. ఒక్కో జాగాలో అయస్కాంతం ఒక దిక్కుకి తిరిగి ఉంటుంది. ఆ దిక్కు ఎక్కడ మారింది, ఎక్కడ మారలేదు అన్నదాన్ని బట్టే ఒకట్లూ సున్నాలూ వస్తాయి. ఫొటో అయినా పాట అయినా డిస్కుకి తెలిసింది ఆ దిక్కులే. కరెంటు తీసేసినా అయస్కాంతం దిక్కు మారదు కాబట్టే, ఇన్నేళ్ళు బీరువాలో పడి ఉన్నా ఫొటో అక్కడే ఉంది.

కరెంటు అందగానే పళ్ళెం నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. సెకనుకు 90 అన్నమాట. లెక్క కడితే దాని అంచు గంటకు 65 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతూ ఉంటుంది. చదవడానికీ రాయడానికీ ఒక సన్నటి చెయ్యి, ఆ చెయ్యి కొసన హెడ్ ఉంటాయి.

"అంత స్పీడులో తగిలితే గీతలు పడవా తాతయ్యా?"

పడతాయి, అందుకే తగలనివ్వరు. పళ్ళెం తిరిగేటప్పుడు దాన్ని అంటిపెట్టుకున్న గాలి కూడా దాంతోపాటే తిరుగుతుంది. ఆ గాలి హెడ్ కిందికి దూరి దాన్ని పైకి లేపి నిలబెడుతుంది. హెడ్‌కీ పళ్ళేనికీ మధ్య ఎడం పది నానోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. అంటే వెంట్రుకని నిలువునా వేల పొరలుగా చీల్చితే వచ్చే ఒక పొర మందమంత సందులో ఆ హెడ్ ఎగురుతోంది! లోపలి గాలి ఒత్తిడి బయటి గాలితో సమానంగా ఉండాలి కాబట్టి ఆ కాలపు డిస్కుల మూత మీద చిన్న రంధ్రం, దాని వెనక ఫిల్టర్ ఉంటాయి. రంధ్రం పక్కన 'దీన్ని మూయకండి' అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. సిగరెట్ పొగలోని నలుసు కూడా ఆ సందు కంటే ఎన్నో రెట్లు పెద్దది. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆ మూత ఊడదీయడమంటే ఏమిటో ఇక మీరే ఊహించుకోండి.

తిరుగుతుండగా ఎవరి కాలో తగిలి వైరు ఊడిందనుకోండి. పళ్ళెం ఆగిపోతూ ఉంటే గాలి బలం తగ్గి హెడ్ కిందపడాలి కదా? ఇక్కడ ఇంజనీర్లు చేసిన ఏర్పాటు నాకు మహా ఇష్టం. కరెంటు పోయినా పళ్ళెం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని తిప్పే మోటారు ఆ క్షణంలో జనరేటర్‌గా మారుతుంది. ఫారడే 1831లో చూపించిన విద్య అదే, తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే కరెంటు పుడుతుంది. అలా పుట్టిన కాసింత కరెంటుతో చెయ్యి వెనక్కి జరిగి, హెడ్‌ని పళ్ళెం అవతల ఉన్న వాలు మెట్టు మీదికి ఎక్కించేస్తుంది. అంతా రెప్పపాటులో అయిపోతుంది. అయితే అది ఆపద మొక్కు. రోజూ చేయించాల్సిన పని కాదు. వైరు పీకే ముందు 'ఎజెక్ట్' నొక్కి, లోపలి చప్పుడు ఆగాక తీయమనేది ఇందుకే.

ఈ విద్య 1956లో మొదలైంది. కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో ఐబీఎం వాళ్ళు రేనాల్డ్ జాన్సన్ ఆధ్వర్యంలో తయారుచేసిన మొదటి డిస్కులో రెండడుగుల పళ్ళేలు 50 ఉండేవి. బరువు దాదాపు టన్ను. అందులో పట్టేవి 50 లక్షల అక్షరాలు. ఇవాళ మీ ఫోన్ తీసే మంచి ఫొటో ఒక్కటి చాలు అది నిండటానికి. అక్కడి నుంచి అరచేతిలో లక్షల ఫొటోలు పట్టేదాకా రావడానికి ఎంతోమంది శ్రమపడ్డారు. వాళ్ళలో ఇద్దరి పేర్లు చెప్పాలి. ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ ఫెర్ట్, జర్మనీలో పీటర్ గ్రున్‌బెర్గ్ 1988లో ఎవరికి వారుగా ఒక వింత గమనించారు. కొన్ని పరమాణువుల మందం ఉన్న లోహపు పొరల్ని ఒకదాని మీద ఒకటి పేర్చితే, చుట్టూ ఉన్న అయస్కాంతం కాస్త మారినా వాటిలో కరెంటుకి అడ్డు బాగా మారిపోతోంది. దీంతో చాలా బలహీనమైన అయస్కాంతాన్ని కూడా పసిగట్టే హెడ్లు తయారయ్యాయి. పదేళ్ళు తిరక్కుండానే అవి హార్డ్ డిస్కుల్లోకి వచ్చాయి. 2007లో భౌతికశాస్త్రంలో నోబెల్ వీళ్ళిద్దరికీ ఇచ్చారు.

సరే, వైరు. కంప్యూటర్ వైపు కొస బల్లపరుపుగా ఉండే పాత యూఎస్‌బీ అయి, లాప్‌టాప్‌కి చిన్న కోలగా ఉండే టైప్-సి సాకెట్లే ఉంటే, మధ్యలో పెట్టే అడాప్టర్ ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది. పెట్టె వైపు కొస ఇంకో రకం. పాతవాటికి మినీ యూఎస్‌బీ, ఆ తర్వాతవాటికి వెడల్పుగా, మధ్యలో నొక్కు పడి రెండు భాగాలుగా కనిపించే మైక్రో-బి. ఆ వెడల్పు సాకెట్ పెద్ద భాగంలో పాత సెల్‌ఫోన్ చార్జర్ పిన్ను సరిగ్గా పడుతుంది. వేగం తగ్గుతుంది గాని పని జరుగుతుంది. చార్జింగ్ కోసమే చేసిన చవక వైర్లలో మాత్రం డేటా తీగలు ఉండవు. డిస్కు లైటు వెలుగుతోంది కాని కంప్యూటర్‌కి కనిపించడం లేదంటే మొదట ఆ వైరునే అనుమానించండి.

ఇన్నేళ్ళనాటి డిస్కు ఇవాళ్టి లాప్‌టాప్‌తో మాట్లాడగలగడం చిన్న విషయం కాదు. యూఎస్‌బీ మొదటి రూపం 1996లో వచ్చింది. బరోడాలో ఇంజనీరింగ్ చదివి ఇంటెల్‌లో చేరిన మన అజయ్ భట్ ఆ పనిలో ముఖ్యుడు. 2000లో రెండో తరం, 2008లో మూడో తరం, 2014లో టైప్-సి కొస వచ్చాయి. వేగం పెంచుకుంటూ పోయినా పాతవాటిని వాకిట్లోంచి వెళ్ళగొట్టలేదు.

వైరు కుదిరాక మా పిల్ల పెట్టి చూసింది. పెట్టెలోంచి సన్నగా 'టిక్' అని, కాసేపు ఆగి మళ్ళీ 'టిక్' అని వినిపించింది. "పాడైపోయిందా తాతయ్యా?" అని మొహం చిన్నబుచ్చుకుంది. ఆ చప్పుడు వినగానే అందరూ అలాగే అనుకుంటారు. చాలాసార్లు అది ఆకలి చప్పుడే.

ఊళ్ళో బోరు మోటారు వేసినప్పుడు ఇంట్లో లైట్లు ఒక్క క్షణం మసకబారడం చూసే ఉంటారు. ఆగి ఉన్న మోటారుని కదిలించడానికి కావాల్సిన కరెంటు, తిరుగుతున్నదాన్ని తిరగనివ్వడానికి కావాల్సినదాని కంటే చాలా ఎక్కువ. డిస్కు మోటారు చిన్నదైనా అదే సూత్రం. ఒకసారి అందుకున్నాక తక్కువతోనే సరిపెట్టుకునే డిస్కు, లేచేటప్పుడు ఒక ఆంపియర్ దాకా అడగొచ్చు. రెండో తరం యూఎస్‌బీ సాకెట్ ఇస్తానని ఒప్పుకున్నది సగం ఆంపియరే, 500 మిల్లీఆంపియర్లు. మూడో తరానిది 900. చాలా సాకెట్లు ఉదారంగా కాస్త ఎక్కువే ఇస్తాయి కాబట్టి మామూలుగా గండం గడుస్తుంది. అయిదారు వస్తువులు తగిలించే హబ్ మధ్యలో ఉన్నా, వైరు మరీ పొడుగైనా, సన్నదైనా వోల్టేజి పడిపోతుంది. పళ్ళెం లేవబోయి కూలబడుతుంది. మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఆ టిక్ టిక్ అదే.

ఆ రోజుల్లో కొన్ని డిస్కులతో రెండు యూఎస్‌బీ కొసలున్న వైరు ఇచ్చింది దీనికోసమే, రెండో కొస కరెంటు కోసం. అలాంటిది మీ ఇంట్లో ఉంటే పారెయ్యకండి. లేకపోతే హబ్ తీసేసి, పొట్టి వైరుతో నేరుగా లాప్‌టాప్‌కి పెట్టండి. బల్ల మీది కంప్యూటర్ అయితే ముందు వైపు సాకెట్లు వదిలేసి వెనక వైపువి వాడండి. వెనకవి మదర్‌బోర్డు మీదే ఉంటాయి. ముందువాటికి కరెంటు సన్నటి లోపలి తీగ గుండా రావాలి. మా డిస్కు ఇలా పొట్టి వైరుతోనే లేచింది. వైరూ సాకెట్టూ మార్చినా టిక్ టిక్ ఆగలేదంటే మాత్రం దెబ్బ హెడ్‌కే తగిలి ఉండొచ్చు. అప్పుడు వెంటనే ఆపెయ్యాలి. దెబ్బతిన్న హెడ్ తిరిగే పళ్ళేన్ని గీరుకుంటూ పోతే, ఆ పూతలో ఉన్నదంతా పొడి అయిపోతుంది, తర్వాత ఏ రికవరీ సెంటర్ వాళ్ళూ ఏమీ చెయ్యలేరు. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఒక చిట్కా తిరుగుతూ ఉంటుంది. నమ్మకండి. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. ఆ పది నానోమీటర్ల సందులో నీటి తెర ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

పుస్తకమంత పెద్ద డిస్కులకు వేరే అడాప్టర్ ఉంటుంది, సాధారణంగా 12 వోల్టులది. అది పోయి, ఇంట్లో ఉన్న ఇంకేదో అడాప్టర్ పిన్ను పట్టింది కదా అని గుచ్చకండి. చాలా లాప్‌టాప్ అడాప్టర్లు 19 వోల్టులకు అటూ ఇటూ ఇస్తాయి. అది పెడితే డిస్కు బోర్డు కాలిపోవచ్చు. లేబుల్ మీద వోల్టులు ఒకటే అయి ఉండాలి, ప్లస్ మైనస్‌లు కలవాలి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. డిస్కు హాయిగా తిరుగుతోంది. కంప్యూటర్‌కి కనిపించింది కూడా. అప్పుడు తెర మీద ఒక చిన్న పెట్టె లేస్తుంది: ఈ డిస్కుని వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటావా? మా పిల్ల వేలు అప్పటికే మౌస్ మీద ఉంది. "నొక్కొద్దు తల్లీ!" అని కాస్త గట్టిగానే అన్నాను. పాపం, మంచి మాట మర్యాదగా చెప్పినట్టే ఉంటుంది ఆ ప్రశ్న. ఎన్నో ఇళ్ళలో చిన్ననాటి ఫొటోలు ఆ ఒక్క నొక్కుడికి పోయాయి.

కంప్యూటర్ ఎందుకు అలా అడుగుతుంది? డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడ మొదలైంది, ఎన్ని ముక్కలుగా ఎక్కడెక్కడ ఉంది అని రాసిపెట్టిన పట్టిక ఒకటి ఉంటుంది. ఆ పట్టిక రాసే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. విండోస్ వాళ్ళది ఎన్‌టీఎఫ్ఎస్, 1993 నుంచీ ఉంది. మ్యాక్ వాళ్ళు చాలాకాలం హెచ్ఎఫ్ఎస్ ప్లస్ వాడారు, 2017 నుంచి ఏపీఎఫ్ఎస్. లినక్స్‌కి వేరే ఉంది. అమెరికాలో ఉన్న బాబాయి తన మ్యాక్‌లో నింపి పంపిన డిస్కుని ఇక్కడ విండోస్‌కి పెడితే, విండోస్‌కి ఆ పట్టిక చదవడం రాదు. తనకు రాదని చెప్పకుండా 'ఫార్మాట్ చెయ్యమంటావా' అంటుంది. మ్యాక్ కూడా తనకు అర్థంకాని డిస్కుని చూసి 'ఇనిషియలైజ్' అని అడుగుతుంది. రెండూ ఒకటే. రెండింటికీ జవాబు ఒకటే, వద్దు. ఆ డిస్కుని అదే రకం కంప్యూటర్ ఉన్న స్నేహితుల ఇంటికి తీసుకెళ్తే ఇట్టే తెరుచుకుంటుంది. ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కులోవి మ్యాక్‌లో చూడొచ్చు, కాపీ చేసుకోవచ్చు, దాని మీద కొత్తగా రాయడం మాత్రం మామూలుగా కుదరదు. మనకి కావాల్సింది చదవడమే కాబట్టి చింత లేదు.

పట్టిక దెబ్బతిన్నా అదే ప్రశ్న వస్తుంది. అప్పుడైనా ఫొటోలు పళ్ళెం మీద భద్రంగానే ఉండొచ్చు, వాటి చిరునామాలే చెరిగిపోయి ఉంటాయి. రికవరీ ప్రోగ్రాములు పనిచేసేది ఆ ధైర్యంతోనే. తొందరలో ఎవరైనా ఫార్మాట్ నొక్కేసి ఉంటే ఇంకా ఆశ ఉంది. 'క్విక్' ఫార్మాట్ కొత్త పట్టిక రాసి ఊరుకుంటుంది, పాత ఫైళ్ళున్న జాగాని దాదాపు ముట్టుకోదు. వెంటనే ఆపి, ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకుండా తెలిసినవాళ్ళకి ఇవ్వాలి. పూర్తి ఫార్మాట్ అలా కాదు. విండోస్ విస్టా నుంచి అది డిస్కు నిండా సున్నాలు రాస్తుంది. ఆ తర్వాత తీయడానికి ఏమీ మిగలదు.

ఇంకో సందర్భంలో ఫోల్డర్ కనిపిస్తుంది గాని, తెరవబోతే 'నీకు అనుమతి లేదు' అంటుంది. పాత కంప్యూటర్‌లో మీ పేరుకి విండోస్ ఒక పొడుగాటి నంబరు ఇచ్చి, ఆ ఫోల్డర్ మీద దాన్ని రాసుకుంది. కొత్త కంప్యూటర్‌లో మీ పేరు అదే అయినా నంబరు వేరు. ఇక్కడ 'కంటిన్యూ' నొక్కడం ప్రమాదం కాదు. ఫైళ్ళు ఎక్కువుంటే కాస్త ఓపిక పట్టాలి, అంతే.

ఫోల్డర్లన్నీ మాయమై షార్ట్‌కట్లు మాత్రమే కనిపిస్తే, అదీ డిస్కు నిండుగా ఉన్నట్టు చూపిస్తుంటే, ఫోల్డర్లు దాక్కుని ఉన్నాయన్నమాట. ఆ రోజుల్లో నెట్ సెంటర్ల నుంచీ జెరాక్స్ షాపుల నుంచీ పెన్‌డ్రైవ్‌ల వెంట ఇళ్ళకొచ్చిన వైరస్సు చేసే పని అది. ఆ షార్ట్‌కట్లు ముట్టుకోకుండా యాంటీవైరస్ చేత డిస్కంతా వెతికించండి.

డిస్కు తెరుచుకుంది అనుకుందాం. మా పిల్ల వెంటనే పెళ్ళి వీడియో పెట్టబోయింది. అందరికీ అదే ఆత్రం. నా మాట వినండి, ముందు కాపీ చెయ్యండి, తర్వాత తీరిగ్గా చూడండి. ఏళ్ళ తరబడి కదలని బేరింగులు, ఎండిన కందెన, తేమకి తుప్పు పట్టిన అతుకులు, వీటిలో ఏది ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇవాళ లేచిన డిస్కు రేపు లేస్తుందన్న పూచీ లేదు. తయారీదారు వారంటీ కూడా డిస్కుకే గాని అందులో ఉన్నదానికి కాదు. కాపీలో కూడా వరస ఉంది. మళ్ళీ దొరకనివి మొదట: ఇంటి ఫొటోలు, గొంతు రికార్డింగులు, ఉత్తరాలు, దస్తావేజుల స్కాన్లు. సినిమాలూ పాటలూ చివర్న. అవి ఎక్కడైనా దొరుకుతాయి. మధ్యలో 'డిస్కులో లోపం ఉంది, సరిచెయ్యమంటావా' అని అడిగితే కాపీ అయ్యేదాకా వాయిదా వెయ్యండి. సరిచెయ్యడమంటే రాయడం. రోగిష్టి డిస్కు మీద రాతలు పెంచడం మంచిది కాదు.

ఎంతసేపు పడుతుంది? రెండో తరం యూఎస్‌బీ సెకనుకు సుమారు 30 మెగాబైట్లు మోస్తుంది. నిండుగా ఉన్న 500 జీబీ డిస్కుకి నాలుగున్నర గంటల పైమాటే. మూడో తరం అయి, డిస్కు సెకనుకు 100 ఇవ్వగలిగితే గంటన్నరలోపే. చిన్న చిన్న ఫైళ్ళు వేలల్లో ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది, డిస్కులోని చెయ్యి ప్రతిదాని దగ్గరికీ వెతుక్కుంటూ వెళ్ళాలి కదా. అంతసేపూ డిస్కుని కదపకుండా, గాలి ఆడే చోట బల్లపరుపుగా ఉంచండి. పరుపు మీదా దిండు మీదా పెట్టకండి. లాప్‌టాప్ నిద్రలోకి జారకుండా చార్జర్ పెట్టి ఉంచండి.

"500 అని పెట్టె మీద ఉంది, ఇక్కడ 465 అని చూపిస్తోంది. మిగతాది ఏమైంది తాతయ్యా?" ఏమీ కాలేదు. తయారీదారు జీబీ అంటే సరిగ్గా వంద కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో జీబీ అంటే 107 కోట్ల 37 లక్షల పైచిలుకు. తయారీదారు చెప్పిన 500 జీబీలోని బైట్లన్నిటినీ దాంతో భాగిస్తే 465 వస్తుంది. ఎవరూ తినేయలేదు.

మన తెలుగువాళ్ళకి ఎదురయ్యే చిక్కు ఒకటుంది, దాన్ని చెప్పకుండా వదల్లేను. మీ ఇంట్లో డీటీపీ చేసినవాళ్ళు, పత్రిక నడిపినవాళ్ళు, కథలూ కవితలూ టైపు చేయించుకున్నవాళ్ళు ఉంటే, పాత డిస్కులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము ఫైళ్ళూ, 'అను' అనే తెలుగు ఫాంట్లలో చేసిన ఫైళ్ళూ ఉంటాయి. అవి చక్కగా కాపీ అవుతాయి. తెరిస్తే మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు చెడిపోయిందని తీసెయ్యకండి! ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల జాగాల్లోనే తెలుగు అక్షరాల ముక్కలు, గుడులూ కొమ్ములూ ఒత్తులూ, బిగించి ఉంటాయి. ఫాంట్ లేని కంప్యూటర్ ఆ జాగాల్లో ఇంగ్లీషే చూపిస్తుంది. అన్ని భాషల అక్షరాలకీ విడివిడిగా జాగాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి సొంత జాగా 1991 నుంచే ఉన్నా, మన ప్రెస్సులూ డీటీపీ సెంటర్లూ చాలాకాలం పాత పద్ధతిలోనే నడిచాయి. కాబట్టి ఆ ఫైళ్ళతో పాటు ఫాంట్ల ఫోల్డర్ని కూడా కాపీ చేసుకోండి. పాత ఫాంట్ల రాతని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. తప్పులు కొన్ని దొర్లుతాయి, కూర్చుని దిద్దుకోవాలి. ఒక మనిషి జీవితకాలపు రాత దక్కుతుందంటే నాలుగు రోజులు దిద్దుకోవడం ఎక్కువేమీ కాదు. ఇలాంటి డిస్కుల్లో అచ్చుకి నోచుకోని తెలుగు ఎంతో ఉంది. ఇంటిల్లిపాదీ పూనుకుంటే తప్ప అది బయటికి రాదు.

అందుకని మీ అందరికీ నా మనవి. వచ్చే ఆదివారం ఆ పెట్టె తియ్యండి. కాపీ అయ్యాక పాతదాన్ని చెరపకుండా అలాగే దాచండి. ఇంకో కాపీ వేరే డిస్కులో చేసి, వేరే ఊళ్ళో ఉన్న అక్కకో తమ్ముడికో ఇవ్వండి. ఒకే ఇంట్లో రెండు కాపీలుంటే వరదకీ దొంగకీ రెండూ ఒకేసారి దొరుకుతాయి. ఆ కొత్త డిస్కు కూడా ఒకరోజు పాతదవుతుంది. దాని మీద కొన్న సంవత్సరం రాసి అంటించండి, వైరుని దాంతోపాటే కట్టి పెట్టండి, ఏడాదికి ఒకసారైనా తీసి తెరిచి చూడండి.